ఆమోదిత పాదం

వంతల కాసులమ్మ పెట్టుకున్న అర్జీ ఒకే ఒక్క పేజీ. ఆ పేజీ వెనక ఆమె పాదం ఉంది. కాగితాన్ని నేల మీద పరిచి, కుడికాలు పెట్టి, చుట్టూ బాల్‌పెన్నుతో గీసి పంపింది. చిటికెనవేలి దగ్గర పెన్ను కొంచెం తడబడింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా బల్ల మీదికి సంతకాలు వచ్చాయి, వేలిముద్రలు వచ్చాయి. పాదం రావడం అదే మొదలు.

అర్జీలో విషయం ఇదీ. ఆమె మన్యంలో టీకామందు మోసే మనిషి. బుధవారం, శనివారం మంచుపెట్టె భుజాన వేసుకుని, బండి వెళ్లని ఏడు కొండగూడేలకు నడుస్తుంది. రానూపోనూ పద్దెనిమిది కిలోమీటర్లు. దారిలో నూనెబండ అని ఓ ఏటవాలు రాయి ఉంది. కిందటి వానల్లో రబ్బరు చెప్పులతో దాని మీద జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. పెట్టెను మాత్రం పడనివ్వలేదట. ‘వానలు పడేలోగా జారని బూట్లు ఇప్పించండి. కాలు కొలత వెనక గీశాను’ అని ముగించింది.

మాది కాలినడక సేవల సంచాలక కార్యాలయం. బండి వెళ్లని చోటికి ప్రభుత్వం తరఫున నడిచివెళ్లే నాలుగు వందల పన్నెండు మంది మంచిచెడ్డలు చూడటం మా పని. మాలో నడిచేవాళ్లెవరూ లేరు. కార్యాలయం మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు బాగా పనిచేస్తుంది. నేను అందులో సీనియర్ అసిస్టెంటును. పేరు చక్రపాణి.

అర్జీ వచ్చింది మార్చిలో. మామూలు రోజుల్లో అయితే ఒక జత బూట్లు ఇప్పించడం మాకు చేతకాని పనేమీ కాదు, రెండేళ్లలో తేల్చేసేవాళ్లం. కానీ సరిగ్గా ఆ ఏడాదే మా డైరెక్టరు కలిదిండి ఉమాపతిరాజు గారికి పరుగు పట్టుకుంది.

ఆ మధ్య పెద్ద ఉద్యోగుల్లో కొండబాట పరుగు అని ఒక సరదా బయల్దేరింది. ఆదివారం పొద్దున్నే కార్లలో కొండ దాకా వెళ్తారు. కొండ మీద కాసేపు పరుగెత్తి, ఫొటోలు దిగి, ఇడ్లీలు తిని, మళ్లీ కార్లలో దిగివస్తారు. రాజు గారు ఇందుకోసం నారింజరంగు బూట్లు కొన్నారు. కొనేముందు మూడు నెలలపాటు ఇంటర్నెట్టులో బూట్ల సమీక్షలు చదివారు. ఆ చదువంతా ఆయన బుర్రలో పని లేక పడి ఉంది. కాసులమ్మ అర్జీ చేతికి అందగానే దానికి పని దొరికింది.

“చక్రపాణీ, బూటంటే కాస్త రబ్బరూ దారమూ అనుకుంటున్నారయ్యా మనవాళ్లు,” అన్నారు నన్ను పిలిపించి. “బూటు ఒక వ్యవస్థ. దాని బరువెంత? అడుగుపళ్ల లోతెంత? మడమకూ వేళ్లకూ ఎత్తు తేడా ఎంత? అడుగేస్తే తిరిగొచ్చే శక్తి ఎంత? ఇవన్నీ వైవిధ్య భూభాగాల మీద శాస్త్రీయంగా మదింపు చెయ్యకుండా ఒక గిరిజన మహిళ కాలికి బూటు తొడగడమంటే, అది నేరం.”

“నేరమే సార్,” అన్నాను.

సాయంత్రానికల్లా ‘తేలికపాటి కొండబాట పరుగుబూటు వైవిధ్య భూభాగ మదింపు సంఘం’ ఏర్పడింది. అధ్యక్షులు రాజు గారు. నిపుణ సభ్యులు డాక్టర్ వేదుల సత్యకీర్తి, పాదాల కదలిక మీద పరిశోధన చేసిన కన్సల్టెంటు, సమావేశం పెట్టినప్పుడల్లా విమానంలో వస్తారు. సమావేశకర్తను నేను. అంటే టీ, బిస్కెట్లు, మినిట్సు.

సంఘం అడిగిన మీదట ఏప్రిల్లో ఒక సరఫరాదారు నమూనా జత పంపాడు. సైజు ఏదని అతను అడిగితే, రికార్డులో ఉన్న కొలత ఒక్కటే కాబట్టి కాసులమ్మ పాదం జెరాక్సు తీసి పంపాను. బూడిదరంగు బూట్లు. ఒక్కోటి రెండు వందల నలభై గ్రాములు. చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియలేదు. అంత తేలికైన వస్తువు మా కార్యాలయంలోకి అంతకుముందు రాలేదు.

వచ్చిన నమూనాకు ముద్ర వెయ్యాలన్నది మా పద్ధతి. రెండు బూట్ల లేసులూ కలిపి బిగించి కట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, కార్యాలయం ముద్ర గుద్దాను. ముద్ర పగిలితే నమూనా చెల్లదు. ముద్ర ఉన్నంతకాలం ఆ బూట్లలో కాలు పట్టదు. ఈ సంగతి నాకు ముద్ర గుద్దాక తట్టింది. నోరు మూసుకున్నాను.

మొదటి సమావేశం రాజు గారి గదిలో పెట్టాం. ఇక్కడ ఆ గది గురించి చెప్పాలి. రాజు గారి కుర్చీ వెనక దేవుళ్ల పటాలున్నాయి, కింద తెల్లటి పాలరాయి ఉంది. అందుచేత గుమ్మం పక్కన బోర్డు పెట్టించారు: ‘పాదరక్షలు వెలుపల విడువవలెను’. బోర్డు కింద నాలుగరల చెప్పుల స్టాండు. పై అర రాజు గారి నారింజరంగు బూట్లకే. కింది మూడూ మాకు, లోకానికి.

నేను నమూనాను పళ్లెంలో పెట్టుకుని లోపలికి వెళ్లబోయాను. అటెండరు పైడయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

“బూట్లు లోపలికి తేకూడదు సార్.”

“ఇవి నేను తొడుక్కోలేదయ్యా, నమూనా ఇది.”

“తొడుక్కున్నా తొడుక్కోకపోయినా బూట్లు బూట్లే కద సార్. బోర్డు చూడండి.”

లోపల్నుంచి రాజు గారు విన్నారు. “పైడయ్య చెప్పింది సబబు. నియమానికి మినహాయింపు మొదలుపెడితే ఎక్కడ ఆగుతాం?” అన్నారు. నమూనాను స్టాండు రెండో అరలో పెట్టి, మేమందరం ఉత్తకాళ్లతో లోపల కూర్చున్నాం. అలా బూటు గుమ్మం బయట, బూటు మదింపు సంఘం గుమ్మం లోపల ఉండి గంటన్నర చర్చించాం. మధ్యలో ఏదైనా అనుమానం వస్తే పైడయ్య బయటికి వెళ్లి చూసి వచ్చి చెప్పేవాడు.

“అడుగుపళ్లు ఎన్ని మిల్లీమీటర్లున్నాయో చూడవయ్యా,” అని సత్యకీర్తి గారు పంపితే, వెళ్లొచ్చి, “ఉన్నాయి సార్,” అన్నాడు. మినిట్సులో ‘అడుగుపళ్లు ఉన్నవి’ అని రాశాను.

తర్వాత వైవిధ్య భూభాగం అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. నేను అమాయకంగా, కాసులమ్మ నడిచే దారికి ఒకసారి వెళ్లి చూస్తే సరిపోతుందేమో అన్నాను. సత్యకీర్తి గారు నన్ను జాలిగా చూశారు.

“చక్రపాణి గారూ, ఆ దారిలో ఏ భూభాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరికీ తెలీదు. రాయి మీద ఆకు, ఆకు మీద నీళ్లు, నీళ్ల కింద బురద... అన్నీ కలిసిపోయి ఉంటాయి. అది కలుషితమైన భూభాగం. మనకు శుద్ధమైన భూభాగాలు కావాలి.”

శుద్ధమైన భూభాగాలు వారం రోజుల్లో తయారయ్యాయి. మూడో అంతస్తు వరండాలో ఆరు ప్లాస్టిక్ టబ్బులు వరసగా పెట్టాం. ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో గులకరాళ్లు, ఒకదాంట్లో ఎర్రమట్టి. నాలుగోదాంట్లో ఎండుటాకులు, మా ఆవరణలో బాదం చెట్టువి. అయిదోది తడిబండ. రాజు గారి స్నానాలగది మరమ్మతులో మిగిలిన గ్రానైటు పలకను వేసి, పైన నీళ్లు చిలకరించే సీసా తగిలించాం. ఆరోది బురద. ఏటవాలు కోసం టబ్బుల వెనక పాడైపోయిన కంప్యూటరు తెరలు ఎత్తు పెట్టాం. ఊడ్చే మనిషి రెండుసార్లు ఎండుటాకులను చెత్త అనుకుని ఎత్తేసింది. బురదలో నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో తేలక అది నాలుగోనాటికి ఎండి బీటలు వారింది. టబ్బు మీద ‘బురద’ అని చీటీ ఉంది కాబట్టి రికార్డు ప్రకారం అది బురదే.

పరీక్ష మే నెలలో మొదలైంది. లేసులు కట్టేసి ఉన్న బూట్లను పైడయ్య చేత్తో పట్టుకుని టబ్బులో ఒక్కో అడుగూ వేయించాడు. మనిషి బరువు రావడానికి బూట్ల మీద పాత ఫైళ్లు పెట్టాం. రెండో టబ్బులోనే ఫైళ్లు జారి గులకరాళ్లలో పడ్డాయి. సత్యకీర్తి గారు ‘ఫైలు స్థిరత్వం అసంతృప్తికరం’ అని రాసుకున్నారు. ఒకచోట పైడయ్య చెయ్యి వదిలేస్తే బూట్లు కదలకుండా అక్కడే ఉన్నాయి. ‘స్వయం చలనం లేదు’ అని రాసుకున్నారు.

“మార్కులు వేశాం సరే,” అన్నారు రాజు గారు ఆ సాయంత్రం. “దేనితో పోల్చి వేశాం? పోలిక లేకుండా మంచిదని ఎలా అంటాం, చెడ్డదని ఎలా అంటాం?”

“ప్రమాణం కావాలి సార్,” అన్నారు సత్యకీర్తి గారు. “అర్జీదారును పిలిపిద్దాం. ఆమె ప్రస్తుతం ఎలా నడుస్తోందో అదే మన ప్రమాణం. దానికంటే బూటు మెరుగైతే ఆమోదిస్తాం.”

నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఉత్తరం నేనే రాసి పంపాను.

కాసులమ్మ ఓ శుక్రవారం పదకొండు గంటలకు వచ్చింది. పొద్దున్నే గూడెం నుంచి కొండ దిగి, రెండు బస్సులు మారి వచ్చిందట. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. సన్నటి మనిషి, ఎడమ మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. కాళ్లకు నీలం రబ్బరు చెప్పులు. కుడిచెప్పు పట్టీ తెగితే ఇనపతీగతో కట్టుకుంది. బోర్డు చదివి, ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచి, స్టాండు అట్టడుగు అరలో పక్కపక్కన పెట్టింది. అప్పుడు రెండో అరలో ఉన్న బూట్లు కనిపించాయి ఆమెకు.

“ఇవేనా బాబూ?”

“ఇవేనమ్మా.”

“ముట్టుకోవచ్చా?”

ముద్ర పగలకుండా చూసుకొమ్మన్నాను. ఆమె వాటిని అందుకుని తిరగేసింది. అడుగుపళ్ల మధ్య బొటనవేలు పెట్టి రాసింది. మధ్యలో వంచి వదిలింది. పైగుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టి చూసింది. లోపలికి రెండు వేళ్లు పోనిచ్చి మడమ కుట్టు తడిమింది. అంతా కలిపి అరనిమిషం పట్టి ఉంటుంది.

“ఇది పట్టుకుంటాది బాబూ. పళ్లు దూరం దూరంగా ఉన్నాయి, బురద ఇరుక్కోదు. నీళ్లు పడినా ఇలగే కారిపోతాయి. మడమకాడ కుట్టు ఒకటే గట్టిది, నాలుగు రోజులు ఒరుస్తాది. అంతే.”

సత్యకీర్తి గారి నివేదిక అప్పటికి అరవై నాలుగు పేజీలైంది. ఈ నాలుగు ముక్కలూ అందులో లేవు. ఆయనా రాజు గారూ బయటికి వచ్చాక ఆమె అన్నది చెప్పాను.

“వినియోగదారు అభిప్రాయానికి ఫారంలో గడి ఉందా?” అని అడిగారు సత్యకీర్తి గారు.

“లేదు సార్.”

“మరి?”

కాసులమ్మను టబ్బుల మీద నడిపించాం. ఆమె ఇసుకలోనూ గులకరాళ్లలోనూ ఒకే తీరుగా నడిచింది. ఎండిన బురద దగ్గర ఆగి చీటీ చదివి నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. తడిబండ దగ్గర రాజు గారు స్వయంగా నీళ్లు చిలకరించారు.

“మీ నూనెబండ ఇలాగే ఉంటుందామ్మా?”

“ఇది బండ కాదు కద సార్, స్నానాలగది,” అందామె మర్యాదగానే. దాని మీద నుంచి కూడా నడిచేసింది. ఆఖర్న చీర కుచ్చెళ్లతో అరికాళ్లు తుడుచుకుంది. సత్యకీర్తి గారు గడియారం చూసి ఆరు సెకన్లు అని రాసుకున్నారు.

నాకు ఏదో తేడాగా అనిపించింది అప్పుడే. “సార్, ఆమె రోజూ చెప్పులతో నడుస్తుంది. చెప్పులు స్టాండులో ఉన్నాయి. ఇప్పుడు మనం చూసింది ఉత్తకాళ్ల నడక,” అన్నాను రాజు గారితో మెల్లిగా.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. “సంఘం ముందున్నదే సాక్ష్యం, చక్రపాణీ. స్టాండులో ఉన్నది మన పరిశీలనలోకి రాదు.”

వాదించి ఉండాల్సింది. రెండున్నరేళ్లలో రిటైరయ్యేవాడిని, ప్రమోషను పెండింగులో ఉంది. ‘అర్జీదారు పాదరక్షలు లేకుండా హాజరై’ అని నా చేత్తోనే రాశాను. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

“బూట్లు ఎప్పుడిస్తారు బాబూ?” అని అడిగింది వెళ్తూ. “వచ్చే నెలాఖరుకు వానలు పడిపోతాయి. బండ మీద పాచి లేస్తాది.”

“అంతకు ముందే వచ్చేస్తాయమ్మా,” అన్నాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

జూన్ మొదటివారంలో తుది సమావేశం. సత్యకీర్తి గారు పట్టిక చదివారు.

“బరువు. బూటు రెండు వందల నలభై గ్రాములు. ప్రమాణ పాదం మీద అదనపు బరువు సున్నా. మడమకూ వేళ్లకూ ఎత్తు తేడా, బూటు ఆరు మిల్లీమీటర్లు, పాదం సున్నా. తడి ఆరే సమయం, బూటు మూడు గంటలు, పాదం ఆరు సెకన్లు. నేల స్పర్శ, బూటు ముప్పై శాతం, పాదం వందశాతం.”

“కొలత సరిపోవడం?” అడిగారు రాజు గారు.

“పాదం పాదానికి పూర్తిగా సరిపోయింది సార్. తేడా లేదు. అర్జీ వెనక గీసిన గీతతో కూడా సరిచూశాను. స్వయం చలనం, బూటుకు సున్నా, పాదానికి పది. మన్నిక...” ఆయన ఇక్కడ కళ్లజోడు సర్దుకున్నారు. “బూటు ఎనిమిది వందల కిలోమీటర్లు వస్తుందని తయారీదారు అంటున్నాడు. పాదం ముప్పై ఎనిమిదేళ్లుగా నిరంతర వాడకంలో ఉంది. అరగకపోగా అడుగుభాగం మందమైంది. చిన్న చిన్న చీలికలు వస్తే తనంతట తానే మరమ్మతు చేసుకుంటుంది. మొత్తం వందకు బూటు నలభై ఒకటి, పాదం తొంభై ఆరు.”

“ఆ నాలుగు ఎందుకు తగ్గాయి?”

“రంగు ఒకటే వస్తుంది సార్.”

రాజు గారు లేచి పాలరాయి మీద ఉత్తకాళ్లతో అటూ ఇటూ నడిచారు. నడుస్తూ తన పాదాల్ని తానే కొత్తగా చూసుకున్నారు.

“ఇన్నాళ్లూ పరిష్కారం కోసం మనం బయట వెతికాం,” అన్నారు. “అది మన క్షేత్రస్థాయి సిబ్బంది దగ్గరే, మోకాలి కింద ఉంది. పుట్టుకతోనే పంపిణీ అయిపోయింది. మనం చెయ్యవలసిందల్లా దాన్ని ఆమోదించడం.”

ఉత్తర్వు వారంలో వెలువడింది. కాలినడక సిబ్బంది నాలుగు వందల పన్నెండు మందికీ ఇకపై ‘ఆమోదిత పాదం’ మాత్రమే అధికారిక పాదరక్ష. విధి నిర్వహణలో ఆమోదం లేని పాదరక్షలు ధరించరాదు. హాజరు ఫొటోలో ముఖంతోపాటు పాదాలు కూడా స్పష్టంగా కనబడవలెను. వంతల కాసులమ్మ పాదాలు ప్రమాణ నమూనా కాబట్టి వాటిని యథాతథ స్థితిలో భద్రపరచు బాధ్యత ఆమెదే.

రాజు గారికి ఎక్కడో సదస్సులో ప్రసంగానికి పిలుపు వచ్చింది. ‘సున్నా గ్రాముల బూటు’ అన్నది అంశం. వెళ్లేముందు స్టాండు పై అరలోంచి నారింజరంగు బూట్లు తీసి తొడుక్కుంటుంటే నేను చూస్తూ నిలబడ్డాను. అంతగా ఒళ్లు మండటం నాకు ఎప్పుడూ లేదు. అయినా ప్రయాణం టికెట్లు నేనే చేతికిచ్చాను.

వానలు కాసులమ్మ చెప్పినట్టే జూన్ ఆఖర్న పడ్డాయి. జులై మొదట్లో సూపర్వైజరు పంపిన ఒక హాజరు ఫొటో నా బల్ల మీదికి వచ్చింది. వానలో కాసులమ్మ, భుజాన మంచుపెట్టె. కాళ్లకు నల్లటి ప్లాస్టిక్ బూట్లు. సంతలో సొంత డబ్బుతో కొనుక్కుంది. చూసి లోలోపల సంతోషించాను. ఆ ఫొటోను ఫైలు అడుగున పెట్టేద్దామనుకునేలోగా దాని కాపీ సత్యకీర్తి గారికి కూడా వెళ్లిందని తెలిసింది.

మెమో ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. ‘ప్రమాణ నమూనాను అనుమతి లేకుండా ప్లాస్టిక్కుతో కప్పివేసి, శాస్త్రీయ సాక్ష్యాన్ని తారుమారు చేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో పదిహేను రోజుల్లో తెలుపవలెను. ఈలోగా కప్పును తక్షణమే తొలగించవలెను.’

తొలగించింది. ఉద్యోగం కదా మరి.

ఆగస్టులో సంజాయిషీకి వచ్చింది. స్టాండు దగ్గర ఆగలేదు, విడవడానికి ఏమీ లేదు. కుడికాలికి పసుపు అంటిన పాతగుడ్డ చుట్టి ఉంది. బొటనవేలి దగ్గర ఎర్రగా ఊరింది. గోడ పట్టుకుని లోపలికి నడిచింది. తెల్లటి పాలరాయి మీద ఆమె వచ్చిన దారంతా కనబడుతోంది. పైడయ్య గుడ్డ తెచ్చి వెనకే తుడుచుకుంటూ వచ్చాడు.

సత్యకీర్తి గారు ముందుగా కట్టు వంక చూశారు. “ఇదేమిటి?”

“కట్టు సార్. బండ మీద జారేను.”

“అది ఎంత బరువుంటుంది?”

“తెలీదు సార్.”

“ఇరవై గ్రాములైనా ఉంటుంది,” అన్నారాయన రాజు గారి వైపు తిరిగి. “ఉత్తర్వులో మనం సున్నా అని ప్రకటించాం సార్. ఇప్పుడు ప్రమాణంలోనే తేడా వచ్చింది.”

రాజు గారు ఇబ్బందిగా కదిలారు. చెడ్డమనిషి కాదాయన. “చూడమ్మా, నీ పాదం ఇప్పుడు నీ ఒక్కదానిది కాదు. నాలుగు వందల పన్నెండు మందికి ఆదర్శం. అది ఎప్పటికి యథాస్థితికి వస్తుందో ఒక తేదీ చెప్పు, రికార్డు చేసుకుంటాం.”

కాసులమ్మ గోడ వదిలి నిటారుగా నిలబడింది.

“కిందటేడు జారినప్పుడు మందుడబ్బా వదల్లేదు సార్. చెయ్యి పోయినా పట్టుకున్నాను. ఈసారి వదిలేసేను. గెడ్డలో కొట్టుకుపోయింది. నలభై మంది పిల్లల మందు అది. గూడెంలో తల్లులు పిల్లల్ని ఎత్తుకుని సాయంత్రం దాకా కూచున్నారట. వాళ్లకేటి చెప్పమంటారు?”

“డబ్బా మన పరిధిలోకి రాదమ్మా,” అన్నారు రాజు గారు. “అది శీతలీకరణ విభాగం. మనం మోకాలి దాకానే.”

సంజాయిషీ సంతృప్తికరంగా లేదని మినిట్సులో రాయమన్నారు. రాశాను. విచారణ వాయిదా పడింది. వాళ్లిద్దరూ భోజనానికి లిఫ్టులో కిందికి వెళ్లారు.

కాసులమ్మ వరండాలో ఎండుటాకుల టబ్బు అంచున కూర్చుంది. నేను నమూనాల బీరువా దగ్గరికి వెళ్లాను. తాళంచెవి ఇరవై ఆరేళ్లుగా నా జేబులోనే ఉంది. బూడిదరంగు జత పాత గొడుగుల కింద, లక్కముద్రతో, కొత్తగా అలాగే ఉంది. ముద్రను బీరువా అంచుకేసి కొట్టాను. అంత తేలిగ్గా పగులుతుందనుకోలేదు. లేసు ముడి విప్పడానికే చాలాసేపు పట్టింది.

“తొడుక్కో అమ్మా.”

ఆమె బూట్ల వంక, నా వంక చూసింది. “ముద్ర పగిలిపోయింది కద బాబూ. మిమ్మల్ని ఏటంటారో.”

“తొడుక్కో.”

ఎడమకాలు ముందు తొడిగింది. కుడికాలికి కట్టు వదులు చేసి మెల్లిగా దూర్చింది. లేసులు బిగించి లేచి నిలబడింది. సరిగ్గా సరిపోయాయి. ఆ కాలి కొలత మీద చేసినవే కదా. గ్రానైటు పలక మీద ఒకసారి మడమ రాసి చూసింది, తల ఊపింది.

“ఎక్కడైనా సంతకం పెట్టాలా?”

“వద్దమ్మా. నువ్వు వెళ్లు. లిఫ్టులో వద్దు, వాళ్లు ఎదురొస్తారు. మెట్లు దిగి వెళ్లు.”

మెట్లు దిగుతుంటే చప్పుడు రాలేదు. నేను బీరువా తలుపుకు వేలాడే నమూనాల చిట్టా తీశాను. ‘నమూనా ప్రస్తుతం ఎక్కడున్నది’ అన్న గడిలో ఇలా రాశాను: ‘వైవిధ్య భూభాగ పరీక్షలో ఉన్నది’. ఈ సంఘం పుట్టినప్పటి నుంచి నేను రాసిన వాటిలో నిజం అదొక్కటే.

దొరికిపోతానని నెలరోజులు భయపడ్డాను. ఎవరూ అడగలేదు. మా దగ్గర పరీక్షలో ఉన్న వస్తువు గురించి అడిగే ఆనవాయితీ లేదు. సూపర్వైజరుకు నేనే ఒక ముక్క రాశాను, కాసులమ్మ కాళ్లకు ఉన్నది పాదరక్ష కాదనీ నమూనా అనీ. హాజరు ఫొటోలు ఆగకుండా వస్తున్నాయి.

అక్టోబర్లో ఆమె దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. ముందువైపు, ‘మడమకాడ కుట్టు ఒరిసిన పుండు మానింది. డబ్బా బాగుంది’ అని ఉంది. తిప్పి చూస్తే వెనకవైపు ఎండిన ఎర్రబురదలో బూటు అడుగుముద్ర, ఒక్కో పన్నూ విడివిడిగా. దాన్ని ఫైల్లో పెట్టాను. మొన్న రాజు గారు ఫైలు తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగారు.

“ఇదేంటి చక్రపాణీ?”

“బురద భూభాగం సార్.”

“మన టబ్బులోదేనా?”

“అవును సార్.”

“బాగా వచ్చింది,” అని మెచ్చుకుని పక్కన చిన్న సంతకం చేశారు. తర్వాత పేజీ తిప్పారు. అందులో మిగతా నాలుగు వందల పదకొండు మంది హాజరు ఫొటోలున్నాయి. వానలో నిలబడ్డ ముఖాలూ, కింద పాదాలూ. నియమం ప్రకారం పాదాలన్నీ స్పష్టంగా కనబడుతున్నాయో లేదో ఆయన ఒక్కొక్కటే శ్రద్ధగా చూశారు. చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని టిక్కు పెట్టారు.